ఎయిర్‌పోర్టు నుంచి ఊరి మధ్యలోని బసకు బస్సులో, మెట్రోలో, రైల్లో ఎలా చేరుకోవాలి?

కొత్త ఊళ్లో విమానం దిగగానే చాలామంది ట్యాక్సీ ఎక్కేది బెరుకు వల్ల. ఏ రైలెక్కాలి, టికెట్ ఎక్కడ, ఏ స్టేషన్‌లో దిగాలి, దిగాక ఎటు నడవాలి? ఈ నాలుగింటికీ జవాబు జేబులో ఉంటే ఆ బెరుకు చాలావరకు పోతుంది. ఆ జవాబులు ఎయిర్‌పోర్టులో నిలబడి వెతుక్కుంటే దొరకవు. బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందు, ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఒక అరగంట కేటాయించండి.

వెతికేటప్పుడు అందరూ "ఎయిర్‌పోర్టు నుంచి సిటీ సెంటర్‌కి" అని కొడతారు. మీరు వెళ్లాల్సింది ఫలానా వీధిలోని ఫలానా గుమ్మానికి. అందుకని ఆ గుమ్మం దగ్గర మొదలుపెట్టి, వెనక్కి ఎయిర్‌పోర్టు దాకా దారి కట్టుకుంటూ రండి. నేను చెప్పబోయేదంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

గుమ్మం నుంచి స్టేషన్‌కు

బస చిరునామాను మ్యాప్‌లో పెట్టండి. హోటల్ పేరు ఒక్కటే కొడితే సరిపోదు. పెద్ద హోటళ్లకు ఒకే ఊళ్లో అదే పేరుతో నాలుగైదు శాఖలుంటాయి. వీధి పేరు, ఇంటి నంబరు, పోస్టల్ కోడ్ మూడూ బుకింగ్ కాగితంతో సరిపోయాయో చూసుకోండి. తర్వాత ఆ గుమ్మానికి నడక దూరంలో ఉన్న స్టేషన్లన్నీ చూడండి. అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాన్ని చూసి అక్కడే ఆగిపోకండి. 300 మీటర్ల దూరంలోని స్టేషన్‌కు రెండుసార్లు రైలు మారాలి, 700 మీటర్ల దూరంలోని స్టేషన్‌కు ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా రైలుంది అనుకుందాం. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. చదునైన ఫుట్‌పాత్ మీద పెట్టె లాక్కుంటూ పది నిమిషాలు నడవడం పెద్ద కష్టం కాదు. జనం కిక్కిరిసిన స్టేషన్‌లో మెట్లెక్కి దిగి ప్లాట్‌ఫాం మారడమే అసలు కష్టం.

లండన్ హీత్రూ సంగతి చూడండి. అక్కడి నుంచి ఊళ్లోకి మూడు రకాల రైళ్లున్నాయి. హీత్రూ ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎక్కడా ఆగకుండా పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది. ఊరి నడిబొడ్డు మీదుగా 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ పాడింగ్టన్ దాటి ఇంకా లోపలికి, టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్, లివర్‌పూల్ స్ట్రీట్ వైపు వెళ్తుంది. పికడిల్లీ లైన్ మూడింటిలోకీ నెమ్మది. అయితే ఎర్ల్స్ కోర్ట్, సౌత్ కెన్సింగ్టన్, కింగ్స్ క్రాస్ లాంటి, బసలు ఎక్కువగా ఉండే పేటల్లో నేరుగా దింపుతుంది. మీ బస సౌత్ కెన్సింగ్టన్‌లో ఉందనుకోండి. ఎక్స్‌ప్రెస్‌లో పాడింగ్టన్ వచ్చి, పెట్టెతో స్టేషన్ అంతా నడిచి, ఇంకో రైలు కోసం నిలబడి వెళ్లినా, పికడిల్లీలో కదలకుండా కూర్చుని వెళ్లినా గుమ్మం చేరే వేళకు పెద్ద తేడా ఉండదు. ఛార్జీలో మాత్రం చాలా తేడా ఉంటుంది. అదే బస పాడింగ్టన్ పక్క వీధిలో ఉంటే లెక్క మారిపోతుంది.

రోమ్‌లోనూ ఇదే కథ. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో తెర్మినీ స్టేషన్‌కు చేరుస్తుంది. పేరు బాగా తెలిసింది కదా అని అందరూ అదే ఎక్కుతారు. బస త్రాస్తెవెరేలో ఉంటే మాత్రం ఎఫ్‌ఎల్1 అనే మామూలు రైలెక్కాలి. అది తెర్మినీకి వెళ్లదు, త్రాస్తెవెరేలో ఆగుతుంది. వియన్నాలో క్యాట్ అనే ప్రత్యేక రైలు 16 నిమిషాల్లో వీన్ మిట్టే స్టేషన్ చేరుస్తుంది. ఎస్7 అనే మామూలు రైలు అదే స్టేషన్‌కు మరో పది నిమిషాలు ఆలస్యంగా, చాలా తక్కువ ఛార్జీతో వస్తుంది. ఎయిర్‌పోర్టులో పెద్ద పెద్ద బోర్డులన్నీ ఖరీదైన రైలుకే దారి చూపిస్తాయి. మామూలు రైలు ఉందో లేదో మీరే ముందుగా కనుక్కోవాలి.

స్టేషన్‌కు ఏ వైపు?

చాలామంది పట్టించుకోనిది ఇదే. పెద్ద స్టేషన్లకు ఐదారు దారులుంటాయి. ఒక దారిలోంచి బయటికొస్తే బస రోడ్డుకు అవతల కనిపిస్తుంది, ఇంకో దారిలోంచి వస్తే పట్టాలకు అటు పక్కన తేలి చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది. ఢిల్లీలో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో చివరి స్టేషన్ న్యూఢిల్లీ. అది రైల్వే స్టేషన్‌కు అజ్మీరీ గేట్ వైపు ఉంటుంది. చవక హోటళ్లకు పేరుపడ్డ పహాడ్‌గంజ్ రైల్వే స్టేషన్‌కు రెండో వైపు ఉంటుంది. మ్యాప్‌లో చూస్తే పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, మధ్యలో మాత్రం పదహారు ప్లాట్‌ఫాంల వెడల్పు అడ్డం. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ చివరి ముక్కకు ఆటో మాట్లాడుకుంటారు, లేదా లగేజీ తక్కువైతే పాదచారుల వంతెన ఎక్కుతారు. తెలియకపోతే మ్యాప్‌ను నమ్ముకుని పెట్టెతో అక్కడే తిరుగుతారు.

అందుకని స్టేషన్ పేరుతో పాటు ఎగ్జిట్ నంబరు కూడా రాసుకోండి. మ్యాప్ యాప్‌లు ఇప్పుడు చాలా ఊళ్లకు ఎగ్జిట్ నంబర్లు చూపిస్తున్నాయి. ఆ ఎగ్జిట్ దగ్గర వీధి ఫొటోలు దొరికితే చూసి పెట్టుకోండి. మూలమీద ఏ దుకాణం ఉందో, ఏ వైపు తిరగాలో ఒకసారి చూసి ఉంటే రాత్రిపూట వచ్చినా తడబడరు.

లిఫ్ట్ ఉందా లేదా అన్నదీ ఇప్పుడే చూడండి. మెట్రో మ్యాప్‌ల మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న స్టేషన్లు పెద్ద పెట్టెలున్నవాళ్లకూ పనికొస్తాయి. లండన్ మ్యాప్‌లో ఆ బొమ్మ రెండు రకాలుగా ఉంటుంది: నీలం వృత్తంలో ఉంటే వీధి నుంచి రైలు పెట్టె దాకా మెట్టన్నది లేదని, తెల్ల వృత్తంలో ఉంటే ప్లాట్‌ఫాం వరకే మెట్లు లేవని, రైలెక్కేచోట ఎత్తు ఉండొచ్చని అర్థం. పెద్దవాళ్లతో, చంటిపిల్లల బండితో వెళ్లేవాళ్లు ఈ బొమ్మను బట్టే స్టేషన్ ఎంచుకోవాలి.

ఏ ఎయిర్‌పోర్టు, ఏ టర్మినల్?

ఇప్పుడు ఇటు చివరకు రండి. టికెట్ మీద ఊరి పేరు ఒకటే ఉండొచ్చు, ఎయిర్‌పోర్టులు రెండు మూడు ఉండొచ్చు. టోక్యోలో హనేడా ఊరిని ఆనుకునే ఉంటుంది. నరీటా సుమారు 60 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి బస ఉవేనో వైపుంటే కేసేయ్ వారి స్కైలైనర్, షింజుకు వైపుంటే నరీటా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మూడక్షరాల కోడ్ చూసుకుంటే ఏ ఎయిర్‌పోర్టో తేలిపోతుంది: హెచ్‌ఎన్‌డి అంటే హనేడా, ఎన్‌ఆర్‌టి అంటే నరీటా.

టర్మినల్ కూడా అంతే ముఖ్యం. ఢిల్లీలో మూడో టర్మినల్ కింద ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది, ఒకటో టర్మినల్‌కు వేరే మెట్రో, మెజెంటా లైన్. దుబాయ్‌లో ఒకటి, మూడు టర్మినళ్ల దగ్గర రెడ్ లైన్ స్టేషన్లున్నాయి, రెండో టర్మినల్‌కు మెట్రో లేదు. సింగపూర్ చాంగీలో మెట్రో స్టేషన్ రెండు, మూడు టర్మినళ్ల మధ్య ఉంది. ఒకటో టర్మినల్‌లో దిగితే ఉచిత స్కైట్రైన్‌లో అక్కడికి రావాలి. కొన్నిచోట్ల రైలు అసలు ఎయిర్‌పోర్టు లోపలికే రాదు. న్యూయార్క్ జేఎఫ్‌కేలో ఎయిర్‌ట్రైన్ ఎక్కి జమైకా స్టేషన్‌కో, హోవర్డ్ బీచ్ స్టేషన్‌కో వెళ్తేగాని సబ్‌వే దొరకదు. టర్మినళ్ల మధ్య ఎయిర్‌ట్రైన్ ఉచితమే, ఆ రెండు స్టేషన్ల దగ్గర బయటికి వచ్చేటప్పుడు మాత్రం డబ్బు కట్టాలి.

టికెట్

ముందుగా తెలుసుకోవాల్సింది, అక్కడ మీ బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే పనవుతుందా అన్నది. లండన్, సింగపూర్, న్యూయార్క్ సబ్‌వేలలో ఆ వీలుంది. టికెట్ మిషన్ ముందు క్యూ కట్టక్కర్లేదు. లండన్, సింగపూర్ లాంటి, దిగేటప్పుడూ కార్డు తాకించాల్సిన చోట్ల ఒక నియమం గుర్తుంచుకోండి. లోపలికి ఏ కార్డు తాకించారో బయటికీ అదే తాకించాలి. ఒకే ఖాతా అయినా ఫోన్‌లోని కార్డు, చేతిలోని ప్లాస్టిక్ కార్డు మిషన్ దృష్టిలో వేర్వేరు. ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి వాడితే రెండు అసంపూర్తి ప్రయాణాలుగా లెక్కగట్టి ఎక్కువ ఛార్జీ పట్టుకుంటుంది. ఆ చోట్ల ఇద్దరికి ఒక కార్డు కూడా కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. విదేశీ వాడకం, ట్యాప్ చెల్లింపు రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో చూసుకోండి.

టికెట్ కొనాల్సిన చోట జోన్ (ఛార్జీల కోసం ఊరిని విడగొట్టిన ప్రాంతం) చూసుకోవాలి. బెర్లిన్ ఎయిర్‌పోర్టు సి జోన్‌లో ఉంది. ఊళ్లో తిరగడానికి అందరూ కొనే ఏబీ టికెట్ అక్కడి నుంచి చెల్లదు, ఏబీసీ కొనాలి. స్టేషన్‌లో గేట్లుండవు కాబట్టి తప్పు టికెట్‌తో ఎక్కినా ఎవరూ ఆపరు. తనిఖీవాళ్లు రైల్లో వచ్చినప్పుడే జరిమానా పడుతుంది. గేట్లు లేని ఊళ్లలో టికెట్ విషయంలో రెండింతలు జాగ్రత్త పడాలి. ఇటలీలో కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్‌ను తనిఖీవాళ్లు ఒప్పుకోరు.

సిడ్నీలో ఎయిర్‌పోర్టు స్టేషన్లలో మామూలు ఛార్జీకి తోడు అదనపు రుసుము ఉంటుంది. ఇలాంటి చోట నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే ఒకసారి లెక్క వేసి చూడండి. నాలుగు టికెట్లు కలిపితే ట్యాక్సీ ఛార్జీకి దగ్గరగా వచ్చిందంటే, ట్యాక్సీ ఎక్కడంలో తప్పేమీ లేదు.

ఫలానా టైము రైలుకే చెల్లే టికెట్ మాత్రం ముందే కొనకండి. విమానం ఆలస్యమైతే అది వృథా.

ఒక కాగితం రాసుకోండి

ఇదంతా ఫోన్‌లో ఉంటుంది కదా అనుకోవచ్చు. దిగేసరికి ఫోన్‌లో ఛార్జింగ్ ఉండకపోవచ్చు, సిమ్ పనిచేయకపోవచ్చు, వైఫై కోసం ఓటీపీ రాకపోవచ్చు. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి, వాటితో పాటు చిన్న కాగితం మీద చేత్తో రాసుకోండి. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో బస అయితే ఆ కాగితం ఇలా ఉంటుంది:

టర్మినల్ 3. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ (ఆరెంజ్ లైన్). న్యూఢిల్లీ వైపు వెళ్లే రైలు. ఏరోసిటీ, ధౌలా కువాఁ దాటాక శివాజీ స్టేడియంలో దిగాలి. చివరి స్టేషన్ దాకా వెళ్లకూడదు. బయటికొచ్చాక నడక. హోటల్ పేరు, చిరునామా, ఫోన్ నంబరు.

ఇందులో మన స్టేషన్‌కు ముందు వచ్చే స్టేషన్ పేరు ఉండటం చాలా ముఖ్యం. ధౌలా కువాఁ దాటగానే లేచి, పెట్టె దించుకుని, తలుపు దగ్గరికి చేరవచ్చు. మన స్టేషన్ వచ్చాక లేస్తే, జనం మధ్యలోంచి పెట్టె బయటికి తెచ్చేలోపు తలుపులు మూసుకుంటాయి. ఆ ఊళ్లో లిపి వేరైతే బస పేరు, చిరునామా ఆ లిపిలో కూడా కాగితం మీద ఉండాలి. దారిలో ఎవరినైనా అడగాల్సి వస్తే చూపించడానికి.

దిగాక

అంతర్జాతీయ విమానమైతే చక్రాలు నేలను తాకిన దగ్గర్నుంచి ఇమ్మిగ్రేషన్, లగేజీ బెల్టు, కస్టమ్స్ దాటి బయటపడేసరికి గంట నుంచి గంటన్నర అనుకోండి. చేతిసంచితోనే వస్తే, దేశీయ విమానమైతే అందులో సగం. ఆఖరి రైలు లెక్క ఈ బయటపడే టైము నుంచి వేయాలి. విమానం దిగే టైము నుంచి లెక్కేసుకుని ఆఖరి రైలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

బెల్టు దగ్గర పెట్టె కోసం ఎదురుచూసే ఆ ఇరవై నిమిషాలు వాడుకోండి. వైఫై దొరికితే రైళ్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో అక్కడి రవాణా సంస్థ సైట్‌లో చూడండి. సమ్మెలు, వారాంతపు మరమ్మతులు చాలా ఊళ్లలో మామూలే. మ్యాప్ యాప్‌లలో అవి కొన్నిసార్లు ఆలస్యంగా కనిపిస్తాయి. బాత్‌రూమ్ పని కూడా ఇక్కడే చూసుకోండి. మెట్రో స్టేషన్లలో అది దొరుకుతుందన్న నమ్మకం లేదు.

బయటికి రాగానే "రైళ్లు బందయ్యాయి", "మీ హోటల్ వైపు రోడ్డు మూసేశారు" అంటూ ఎవరో ఒకరు దగ్గరికొస్తారు. వాళ్ల మాట వినకండి, నిలబడకండి, నడుస్తూ ఉండండి. నిజంగా రైళ్లు ఆగిపోతే ఆ సంగతి స్టేషన్ దగ్గరి బోర్డు మీద ఉంటుంది, యూనిఫాంలో ఉన్న ఉద్యోగి చెప్తారు. టికెట్ మిషన్ దగ్గర సాయం చేస్తామని వచ్చి మీట నొక్కబోయే అపరిచితులకూ ఇదే వర్తిస్తుంది.

గేటు దాటేటప్పుడు పెట్టెను మీకు ముందు ఉంచండి. మనిషి ముందు వెళ్లి పెట్టెను వెనక లాగితే, మనిషి దాటిపోయాడనుకుని గేటు రెక్కలు మూసుకుంటాయి, పెట్టె మధ్యలో ఇరుక్కుంటుంది. వరస చివర వెడల్పాటి గేటు ఒకటి ఉంటుంది. చక్రాల కుర్చీలకూ లగేజీకీ పెట్టింది అదే. నాలుగడుగులు ఎక్కువైనా దాని దగ్గరికే వెళ్లండి.

ప్లాట్‌ఫాం మీద చూడాల్సింది రైలు చివరి స్టేషన్ పేరు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు ఒకటో టర్మినల్ కింద ఎస్8, ఎస్9 రైళ్లు రెండు వైపులా పోతుంటాయి. హానావు, ఆఫెన్‌బాఖ్ వైపు పోయేవి ఊళ్లోకి వెళ్తాయి. వీస్‌బాడెన్ అని రాసి ఉంటే అది ఊరికి దూరంగా పోయే రైలు. నంబరు ఒకటే కదా అని వచ్చిన రైలెక్కేస్తే ఎదురు దిక్కున పడతారు. ప్యారిస్ షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టు నుంచి ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైళ్లన్నీ ఊళ్లోకే వెళ్తాయి. కొన్ని ఊళ్లోని గార్ దు నోర్ స్టేషన్ దాకా ఆగకుండా, కొన్ని ప్రతి స్టేషన్‌లో ఆగుతూ వెళ్తాయి. ఏది ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫాం మీది తెరపై వరసగా కనిపిస్తుంది. అది చూసుకుని ఎక్కితే చాలు.

రైల్లో పెట్టెను తలుపుకు అడ్డంగా పెట్టకండి. చక్రాలు రైలు కదిలే దిక్కుకు అడ్డంగా తిప్పి, మోకాలితో ఆనించి పట్టుకుంటే దొర్లిపోదు. పాస్‌పోర్టు, డబ్బు ఉన్న చిన్న సంచి ఎప్పుడూ ఒంటికి ముందువైపే ఉండాలి. దుబాయ్ మెట్రోలో మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న సంచి వరకే అనుమతి. ఇలాంటి హద్దులు చాలా సిటీ బస్సుల్లోనూ ఉంటాయి. ఎయిర్‌పోర్టు బస్సుల్లో లగేజీకి అరలుంటాయి కాబట్టి పెద్ద పెట్టెలు రెండున్నప్పుడు, బస నేరుగా ఆ బస్సు దారిలోనే ఉన్నప్పుడు, రెండు చోట్ల మారే మెట్రో కన్నా బస్సే నయం. ఆఫీసులు వదిలే వేళ మాత్రం రోడ్డు మీద బస్సును నమ్ముకోకండి.

అర్ధరాత్రి దిగితే

చికాగో ఓహేర్ నుంచి బ్లూ లైన్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. ఇలాంటివి అరుదు. లండన్ పికడిల్లీ లైన్ శుక్ర, శనివారాల రాత్రుళ్లు మాత్రమే తెల్లవార్లూ ఉంటుంది. మిగతా రాత్రుళ్లు హీత్రూ నుంచి ఎన్9 బస్సు ఉంది. ప్యారిస్‌లో నాక్టిలియన్ అనే రాత్రి బస్సులు ఎయిర్‌పోర్టు నుంచి గార్ ద లెస్ట్ వరకు వస్తాయి. రాత్రి బస్సులు గంటకో అరగంటకో ఒకటి ఉంటాయి, ఆగే చోటు కూడా పగటి బస్సులది కాకపోవచ్చు. చోటు ముందే మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి. ఒంటరిగా వెళ్తున్నా, పిల్లలతో ఉన్నా, చివరి నడక నిర్మానుష్యమైన వీధిలోంచి అయినా అప్పుడు ప్రీపెయిడ్ ట్యాక్సీ తీసుకోండి. లేదా రైల్లో ఊళ్లోకి వచ్చి ఆ ఆఖరి ముక్కకు మాత్రం ట్యాక్సీ మాట్లాడుకోండి. ఈ రెండో పద్ధతి ఖర్చూ భద్రతా రెండూ చూసుకునేవాళ్లకు బాగా పనికొస్తుంది.

గుమ్మం దగ్గర

హోటలైతే రిసెప్షన్ ఉంటుంది. అద్దె ఫ్లాటైతే తాళం కోడ్, ఏ అంతస్తు, ఏ బెల్ నొక్కాలి అన్నవి కాగితం మీద ఉండాలి, మెసేజ్‌లో మాత్రమే కాదు. ఉదయాన్నే చేరితే గది ఇవ్వరు. లగేజీ పెట్టుకోనిస్తారేమో రెండు రోజుల ముందే అడిగి ఉంచండి. పెట్టుకోనివ్వకపోతే పెద్ద రైల్వే స్టేషన్లలో లాకర్లున్నాయేమో చూసుకుని, అక్కడ పెట్టి రావాలి.

తిరిగి వెళ్లేటప్పుడు

వచ్చిన దారే కదా అనుకోవద్దు. ఊళ్లోకి వచ్చేటప్పుడు చాలాచోట్ల రైళ్లన్నీ ఊళ్లోకే వస్తాయి, ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు దారులు చీలతాయి. పికడిల్లీ లైన్‌లో కొన్ని రైళ్లు హీత్రూకు, కొన్ని అక్స్‌బ్రిడ్జ్‌కు పోతాయి. హీత్రూకు పోయేవాటిలోనూ నాలుగో టర్మినల్‌వి వేరు, ఐదో టర్మినల్‌వి వేరు. ఆర్‌ఈఆర్ బి ఒక కొమ్మ షార్ల్ ద గోల్‌కు, ఇంకోటి మిత్రీ వైపుకు వెళ్తుంది. మ్యూనిక్ ఎస్1 రైలైతే నాయ్‌ఫార్న్ స్టేషన్‌లో రెండు ముక్కలవుతుంది, సగం ఎయిర్‌పోర్టుకు, సగం ఫ్రైజింగ్‌కు. ఏ బోగీలో కూర్చున్నారో చూసుకోవాలి, బోగీ పక్కనే రాసి ఉంటుంది. తెల్లవారుజాము విమానమైతే మొదటి రైలు ఎన్నింటికో ఊళ్లోకి వచ్చిన రోజే స్టేషన్‌లో చూసి రాసుకోండి. ఆదివారాలు, సెలవు రోజుల్లో అది చాలా ఊళ్లలో మామూలు రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతుంది. ఆ టైముకు విమానం అందదనిపిస్తే ముందు రోజు సాయంత్రమే బస వాళ్లతో చెప్పి ట్యాక్సీ కుదుర్చుకోండి.